పవర్స్‌కోర్ట్ టౌన్‌హౌస్: ప్రభువుగారి మేడ బట్టల గోదాముగా మారి ఎలా మిగిలింది

మీరు డబ్లిన్‌కి కొత్తగా వచ్చి అడిగిన ప్రశ్న ఇది: సౌత్ విలియం వీధిలోని పవర్స్‌కోర్ట్ టౌన్‌హౌస్ బయటినుంచి చూస్తే జమీందారు కోటలా ఉంది, లోపలికి వెళ్తే అద్దాల కప్పు కింద కాఫీ బల్లలు, చుట్టూ నగల కొట్లు. ఇందులో ఏది పాతది, ఏది కొత్తది? అంత మంచి ఇంటిని షాపింగ్ సెంటర్ చేసి పాడుచేశారా?

నాది రాజమండ్రి. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడే పాత భవనాల మరమ్మతు పనిలో ఉన్నాను. ఆ ఇంటి మీద పనిచేసే అవకాశం నాకు రాలేదు కానీ, ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లల్ని మొట్టమొదట తీసుకెళ్లి చూపించేది దాన్నే. మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. పాడుచేయలేదు. ఆ ఇల్లు ఇవాళ నిలబడి ఉందంటే, నూటయాభై ఏళ్లపాటు అది వ్యాపారస్తుల చేతిలో ఉండటమే కారణమని నా గట్టి నమ్మకం. ఎలాగో చెప్పాలంటే మొదటి నుంచి రావాలి.

బ్రిటన్, ఐర్లండ్ సింహాసనం మీద వరసగా నలుగురు జార్జి రాజులున్న కాలాన్ని, అంటే 1714 నుంచి 1830 దాకా, జార్జియన్ కాలం అంటారు. ఆ కాలపు మామూలు టౌన్‌హౌస్ ఎలా ఉంటుందో మెరియన్ స్క్వేర్ వైపు వెళ్తే కనిపిస్తుంది. ఇరుగు పొరుగు ఇళ్లతో గోడ కలిసిపోయిన సన్నని ఇటుక మేడ. ముందువైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవెక్కువ. వీధికీ ఇంటికీ మధ్య కందకం లాంటి ఖాళీ, దాని అడుగున వంటిల్లు. అతిథుల్ని కూర్చోబెట్టే గదులు కింద కాదు, మొదటి అంతస్తులో ఉంటాయి. అందుకే అక్కడి కిటికీలు అన్నిటికన్నా ఎత్తు, పైకి పోయేకొద్దీ పొట్టివవుతాయి. పనివాళ్లూ పిల్లలూ ఉండే పై అంతస్తుకొచ్చేసరికి చతురస్రాల్లా మిగులుతాయి. ఆ ఇంట్లో ఎవరి స్థానం ఎంతో కిటికీ ఎత్తే చెప్పేస్తుంది.

పవర్స్‌కోర్ట్ ఇల్లు ఆ వరస ఇళ్ల జాతిది కాదు. మూడో వైకౌంట్ పవర్స్‌కోర్ట్ (వైకౌంట్ అంటే ఒక ప్రభు బిరుదు) రిచర్డ్ వింగ్‌ఫీల్డ్ దాన్ని 1771 నుంచి 1774 దాకా కట్టించాడు. అసలు ఎస్టేటు విక్లో కొండల్లో, ఎన్నిస్కెరీ దగ్గర ఉండేది. అక్కడ అంతకంటే చాలా పెద్ద భవంతి ఉంది. మరి ఊళ్లో ఇంకో ఇల్లెందుకు? ఆ రోజుల్లో ఐర్లండ్‌కి సొంత పార్లమెంటు ఉండేది, కాలేజ్ గ్రీన్‌లో. ఈ ఇంటినుంచి అక్కడికి పది నిమిషాల నడక. పార్లమెంటు నడిచే నెలల్లో ప్రభువులంతా కుటుంబాలతో నగరానికి వచ్చేవారు. విందులు, నాట్యాలు, పెళ్లి సంబంధాలు అన్నీ ఆ కొద్ది నెలల్లోనే. ఏడాదిలో సగం తాళం వేసి ఉండే ఇంటికి ఇంత రాయి, ఇంత గచ్చు నగిషీ. ఆ డబ్బంతా ఎస్టేటు రైతులు కట్టిన కౌళ్లనుంచి వచ్చిందని గుర్తుంచుకుని చూడాలి.

నిర్మాణం రాబర్ట్ మాక్ చేతుల్లో జరిగింది. ఆయన పెద్ద పేరున్న వాస్తుశిల్పి కాదు, రాతిపని తెలిసిన మేస్త్రీ. ఇల్లు చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. వైకౌంట్ సొంత ఎస్టేటునుంచే గ్రానైటు తెప్పించారు. విక్లో గ్రానైటు గట్టిది, పలుకు పలుకుగా ఉంటుంది, సన్నని చెక్కడానికి లొంగదు. డబ్లిన్‌లో మంచి ఆకులూ పూలూ చెక్కాలంటే ఇంగ్లండునుంచి పోర్ట్‌లాండ్ రాయి తెచ్చుకునేవారు. ఇక్కడ మాక్ గ్రానైటు స్వభావానికి తగ్గట్టుగానే నడిచాడు. కింది అంతస్తులో రాళ్ల మధ్య లోతైన గాడులు, పైన నున్నటి దిమ్మలు, నడుమ భాగం కొంచెం ముందుకు. దాని నెత్తిన ఇంకో చిన్న అంతస్తు పెట్టెలా కూర్చుని ఉంటుంది, రెండు పక్కలా రాతి చుట్టలు దాన్ని ఆపుతున్నట్టు. ఇంటికి అటూ ఇటూ రాతి ద్వారాలు కూడా కట్టారు. 1770ల నాటికి ఈ ధోరణి పాతబడిపోయిందని, మరీ బరువుగా ఉందని విమర్శించేవాళ్లున్నారు. అది నిజమే. నాకు మాత్రం ఆ బరువే ఇష్టం. రాయిని కాగితంలా కత్తిరించబోకుండా రాయిగానే ఉంచిన మనిషి మీద గౌరవం కలుగుతుంది.

ఈ ముఖభాగంతో చిక్కు ఒక్కటే. ఎదురుగా నిలబడితే కనిపించదు. సౌత్ విలియం వీధి సన్నని వీధి, మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తాల్సిందే. అందుకే జార్జెస్ వీధిలోని ఎర్ర ఇటుకల పాత మార్కెట్ ఆర్కేడ్ లోంచి నడిచి, డ్రూరీ వీధి దాటి, క్యాజిల్ మార్కెట్ అనే చిన్న వీధిలోకి రండి. ఆ వీధి చివర ఈ ఇల్లు ఎదురుగా నిలబడి ఉంటుంది. అక్కడ కాసేపు ఆగండి.

లోపల మొదట చూడాల్సింది మెట్ల హాలు. ముందు హాలు దాటగానే వస్తుంది. కొట్లకోసం వచ్చిన వాళ్లు దాన్ని దారిగా వాడుకుని వెళ్లిపోతుంటారు, నాకు బాధనిపించే సంగతి. మెట్ల కటకటాలు మహోగనివి, ఇగ్నేషియస్ మక్‌డోనా అనే వడ్రంగి చెక్కాడు. ఒక్కో కమ్మీ బలంగా, లోతైన చెక్కడంతో ఉంటుంది, మన పాత మేడల్లో టేకు స్తంభాల మీద కనిపించే పనితనం గుర్తొస్తుంది. ఆ మహోగని ఐర్లండులో పెరిగే చెట్టు కాదు. అప్పట్లో కరీబియన్ దీవులనుంచి, మధ్య అమెరికా తీరాలనుంచి వచ్చేది, బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులు నరికి దొర్లించిన దుంగల్లో. కమ్మీ మీద చెయ్యి వేసినప్పుడు ఆ ప్రయాణం కూడా నాకు గుర్తొస్తుంది.

మెట్ల చుట్టూ గోడల మీద గచ్చు నగిషీ జేమ్స్ మెకల్లా చేసింది. పై గదుల్లో కప్పుల మీద పని మైకేల్ స్టేపుల్టన్ పేరుతో ముడిపడి ఉంది. డబ్లిన్ గచ్చు పనివాళ్లలో అప్పటికి ముందువరసలో ఉన్నవాడు, 1801లో చనిపోయాడు. వీళ్లిద్దరి పనీ పక్కపక్కనే చూడటమే ఈ ఇంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం. మెకల్లా పని రొకోకో పద్ధతి. ఆకులు మెలికలు తిరుగుతాయి, ఎడమవైపు ఉన్నది కుడివైపు అచ్చంగా ఉండదు. ఆ పద్ధతిలో మేస్త్రీ మంచె మీద నిలబడి తడి గచ్చును వేళ్లతో, చిన్న తాపీలతో అక్కడికక్కడే మలుస్తాడు. గచ్చు గట్టిపడేలోపు ఆకు వంపు తేలిపోవాలి. స్టేపుల్టన్ తరహా గదులు నియోక్లాసికల్ పద్ధతివి. సన్నని వలయాలు, విసనకర్ర ఆకారాలు, పూసల వరసలు, అన్నీ కొలత ప్రకారం. వాటిలో చాలా ముక్కలు అచ్చుల్లో పోసి, ఆరబెట్టి, కప్పుకి అంటించేవారు. నాలుగైదేళ్ల లోపల కట్టిన ఒకే ఇంట్లో ఒక కాలం ముగిసి ఇంకోటి మొదలవడం కింద హాలునుంచి పైకెక్కుతుంటే కళ్లకు కడుతుంది.

గచ్చు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మా తాతగారి ఇంట్లో గోడలకు గానుగ సున్నం పూశారు, బెల్లం నీళ్లూ కరక్కాయ నానబెట్టిన నీళ్లూ కలిపి. ఇక్కడివాళ్లు సున్నం, ఇసుకలో పశువుల వెంట్రుకలు కలిపేవారు, గార బీటలివ్వకుండా పట్టుకోవడానికి. నగిషీకి సున్నంతోపాటు జిప్సం కూడా వాడేవారు, త్వరగా గట్టిపడుతుందని. నేను ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ముసలి ఐరిష్ మేస్త్రీ, ఊడిపోయిన గార ముక్క నా చేతిలో పెట్టి విరవమన్నాడు. విరిచాను, కానీ రెండు ముక్కలూ విడిపోలేదు. వెంట్రుకలతో వేలాడుతూ ఉన్నాయి. రెండు వందల ఏళ్లనాటి గార అది.

వింగ్‌ఫీల్డ్ 1788లో పోయాడు. ఆ తర్వాత ఇల్లు ఆ కుటుంబం చేతిలో ఇరవై ఏళ్లు కూడా లేదు. 1801 జనవరి 1న ఐర్లండ్‌ని బ్రిటన్‌తో కలిపేసిన యూనియన్ చట్టం అమల్లోకి వచ్చి ఐర్లండ్ పార్లమెంటు రద్దయింది. ఇకపై సభ లండన్‌లో. ప్రభువులకు డబ్లిన్‌లో ఇల్లెందుకు? ఒకరి తర్వాత ఒకరు అమ్ముకుని పోయారు. పార్లమెంటు భవనాన్ని 1803లో బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్ కొనుక్కుంది. పవర్స్‌కోర్ట్ ఇంటిని 1807లో స్టాంపు సుంకాల కమిషనర్లు 15,000 పౌండ్లకు కొన్నారు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల స్టాంపు కాగితాలు మీకు తెలుసు కదా. అలాంటి స్టాంపు పడాల్సిన కాగితాల పనంతా ఆ ఇంట్లోకి మారింది. నాట్యాలు జరిగిన ఇంట్లో గుమాస్తాలు కూర్చున్నారు.

ఇక్కడే మీ ప్రశ్నలోని పెద్ద అపోహ వస్తుంది. అద్దాల కప్పు కింద ఉన్న నడిమి ముంగిలి, అంటే ఇప్పుడు కాఫీ బల్లలున్న చోటు, ప్రభువుగారి ఇంట్లో భాగమనుకుంటారు చాలామంది. మన మండువా లోగిలి అలవాటున్న మనకైతే మరీ సహజంగా అలా అనిపిస్తుంది: చుట్టూ గదులు, నడుమ వెలుతురు. కాదు. ఇది మండువా కాదు, ఇంటి వెనక దొడ్డి. స్టాంపు ఆఫీసుకి చోటు చాలక, 1807 నుంచి 1811 మధ్య దొడ్డి చుట్టూ కొత్త కట్టడాలు లేపారు. వాటిని గీసింది ఫ్రాన్సిస్ జాన్‌స్టన్. తర్వాత ఓకానెల్ వీధిలో జనరల్ పోస్టాఫీసు కట్టింది కూడా ఆయనే. వీధివైపు గ్రానైటు, ముంగిలివైపు ఇటుక గోడలు, ఆ తేడా పట్టుకుంటే చాలు. రాయి ప్రభువు గొప్ప కోసం, ఇటుక సర్కారు పని కోసం.

సర్కారుకి కూడా ఆ ఇల్లు ఎక్కువ కాలం అక్కర్లేకపోయింది. 1835లో ఫెరియర్ పొలాక్ అనే టోకు బట్టల వర్తకులకు 7,500 పౌండ్లకు అమ్మేశారు. కొన్నదాంట్లో సరిగ్గా సగం. నగరం ఎంత దిగజారిందో ఆ ధరే చెప్తుంది. ఆ వర్తకులు అక్కడ వందేళ్లకు పైగా ఉన్నారు. నాట్యశాలల్లో బట్ట తానులు పేర్చారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వాళ్లు టోకు వర్తకులు కావడమే ఈ ఇంటి అదృష్టం.

జార్జియన్ ఇల్లు మామూలు చిల్లర కొట్టయితే ఏం జరుగుతుందో గ్రాఫ్టన్ వీధి చుట్టుపక్కల ఎక్కడైనా చూడొచ్చు. సరుకు దారినపోయేవాళ్ల కంటపడాలి. కాబట్టి కింది అంతస్తు ముందుగోడ మొత్తం తీసేస్తారు. పైన ఉన్న మూడు అంతస్తుల ఇటుక బరువు మోయడానికి గోడ స్థానంలో అడ్డంగా ఒక పెద్ద దూలం వేస్తారు, మొదట్లో చెక్కది, తర్వాత ఇనుముది. కింద సన్నని స్తంభాలు, మధ్యలో గాజు. పెద్ద గాజు పలకలు చవకబడేకొద్దీ ఆ గాజు పెద్దదవుతూ పోయింది. తర్వాత గదుల మధ్య గోడలు పోతాయి, వెనక దొడ్డి మీదికి కొట్టు పాకుతుంది, మెట్లు అడ్డమని మెట్లు కూడా తీసేస్తారు. మొదటి అంతస్తు కిటికీల పైన మాత్రం 1780 అలాగే ఉంటుంది, కింద ఏడాదికో బోర్డు మారుతుంది. మా పనిలో ఎక్కువ తలనొప్పులు ఆ దూలం దగ్గరే. ఒకసారి ఒక ఇంట్లో బోర్డు విప్పి చూస్తే, చెక్క దూలం ఒక చివర గుల్లగా ఉంది, చేత్తో నలిపితే పొడి రాలింది. పైన నాలుగు గదుల కాపురం.

టోకు వర్తకులకు ఇదంతా అక్కర్లేదు. వాళ్ల దగ్గరికి వచ్చేది ఊళ్లలో కొట్లు పెట్టుకున్న షాపువాళ్లు. వాళ్లకి అంగడి కిటికీలో బొమ్మకి కట్టిన చీర లాంటిది చూపించనక్కర్లేదు. చిరునామా తెలుసుకుని వస్తారు, తాను విప్పి వేళ్లతో పట్టుకుని చూస్తారు, బేరమాడి పోతారు. కాబట్టి మాక్ కట్టిన గ్రానైటు గోడకు ఎవరూ కన్నం పెట్టలేదు. పైగా రాతి ముఖమున్న ప్రభువు మేడ వ్యాపారానికి పరువు. మెట్లు కూడా వాళ్లకి కావాలి, ఎక్కి దిగడానికి. రెండు పక్కల ద్వారాలూ బండ్లకు పనికొచ్చాయి. కప్పుల మీద గచ్చు జోలికి పోవాల్సిన పని లేదు, సరుకు పెట్టేది నేల మీదే కదా. కళల మీద ప్రేమతో కాపాడారని నేను అనను. వాళ్ల వ్యాపారానికి ఈ ఇల్లు ఉన్నది ఉన్నట్టుగానే సరిపోయింది. కానీ పైకప్పు కారకుండా చూసుకున్నారు, చలికాలాల్లో మనుషులు తిరిగారు. పాత ఇంటికి నేను అడిగే మొదటి రెండు విషయాలు ఇవే: కప్పు పొడిగా ఉందా, లోపల మనుషులు తిరుగుతున్నారా.

అదే కాలంలో మిగతా నగరం ఏమైందో చూడండి. 1957లో కిల్‌డేర్ ప్లేస్‌లో రెండు మంచి జార్జియన్ ఇళ్లు కూల్చారు. ఆ కోపంతోనే మరుసటేడు డెస్మండ్, మరీగా గిన్నెస్ దంపతులు ఇలాంటి ఇళ్లను కాపాడటానికి ఐరిష్ జార్జియన్ సొసైటీ పెట్టారు. 1960ల్లో లోయర్ ఫిట్జ్‌విలియం వీధిలో ఒకే వరసలో పదహారు ఇళ్లు ఆఫీసుల కోసం నేలమట్టమయ్యాయి. అప్పట్లో చాలామంది ఈ ఇళ్లను పరాయి పాలకుల గుర్తులుగానే చూశారు, కూలితే కూలనీ అన్నారు. ఆ భావన వెనక ఉన్న గాయం నాకు అర్థమవుతుంది, మనదీ అలాంటి చరిత్రే. కానీ మెట్లు చెక్కింది మక్‌డోనా, గచ్చు మలిచింది మెకల్లా. పనివాళ్ల చేతులు ఆ నేలవే.

ఇంకో సంగతి. ఎన్నిస్కెరీ దగ్గరున్న అసలు పెద్ద భవంతి 1974లో నిప్పంటుకుని లోపలంతా కాలిపోయింది. బాగుచేసి, అందంగా ముస్తాబు చేసిన ఇల్లు అది. ఆ కుటుంబం వదిలేసి వెళ్లిన ఊళ్లో ఇల్లు, గోదాముగా మారిన ఇల్లు, తన మెట్లతో, తన కప్పులతో మిగిలింది.

1981లో దాన్ని ఇప్పుడు మీరు చూస్తున్న షాపింగ్ సెంటర్‌గా మార్చారు. వాస్తుశిల్పి జేమ్స్ టూమీ. ఆయన చేసిన పెద్ద పని వెనక దొడ్డి మీద అద్దాల కప్పు వేయడం, దాని కింద అంతస్తుల చుట్టూ నడవలు వేయడం. కొట్లన్నీ అటు తిరిగి ఉన్నాయి, వీధివైపు కాదు. అంటే 1835లో అనుకోకుండా జరిగిన మేలును 1981లో తెలిసి చేశారు: వ్యాపారాన్ని దొడ్లోకి పంపి, ముఖాన్ని వదిలేశారు. నాకు నచ్చని విషయం లేకపోలేదు. వెలుతురు పడే ముంగిలి అంత ఆకర్షణీయంగా ఉండటంతో అందరూ నేరుగా అక్కడికే పోతారు, మెట్ల హాలు చీకటి సందులా మిగిలిపోయింది. నగిషీ గదులు అద్దెకు పోయినప్పుడు సగం కప్పు దీపాల పట్టాల వెనక దాగుతుంది. అయినా ఈ లోపాలన్నీ ఒక వారంలో విప్పేయగలిగేవి. పగలగొట్టినది తక్కువ. మా వృత్తిలో ఒక మార్పు మంచిదా చెడ్డదా అని తేల్చడానికి నేను అడిగే ప్రశ్న అదే, రేపు దీన్ని వెనక్కి తీసుకోగలమా అని.

మీరు హైదరాబాద్ అమ్మాయినని రాశారు కాబట్టి ఒక పక్క మాట. ఒకప్పటి కోఠి ఉమెన్స్ కాలేజీ, అంటే ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలోని బ్రిటిష్ రెసిడెన్సీ కూడా ఈ కాలపు ఇల్లే. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ కోసం, నిజాం డబ్బుతో, 1803లో కట్టడం మొదలైంది. ఆ కర్క్‌పాట్రిక్ హైదరాబాద్ గొప్పింటి అమ్మాయి ఖైరున్నీసాను పెళ్లాడినందుకు విచారణ పెట్టించిన గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లస్లీ, నిజాంతో 1798లో సైన్య సహకార ఒప్పందం చేయించినవాడు, ఐర్లండ్‌లో పుట్టినవాడే. వాళ్ల కుటుంబం డబ్లిన్ ఇల్లు మార్నింగ్టన్ హౌస్ అప్పర్ మెరియన్ వీధిలో ఉంది, ఇప్పుడు మెరియన్ హోటల్లో భాగం. కోఠిలో ఇల్లు కాలేజీ అయింది, ఇక్కడ ఇల్లు హోటల్ అయింది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు కోఠి రెసిడెన్సీ మెట్లు కూడా ఎక్కి చూడండి, కళ్లు అలవాటుపడి ఉంటాయి.

వెళ్లడానికి వారం మధ్యలో పొద్దున్నే మంచిది, కొట్లు తెరిచిన మొదటి గంటలో. పక్కనే 58వ నంబరు ఇల్లు సిటీ అసెంబ్లీ హౌస్, చిత్రకారుల సంఘం ప్రదర్శనల కోసమే కట్టింది. ఇప్పుడు జార్జియన్ సొసైటీ అక్కడే ఉంటుంది, అదీ చూడండి. పవర్స్‌కోర్ట్‌లోకి పక్కదారుల్లో కాకుండా ముందు రాతి మెట్లెక్కి వెళ్లండి, మొదటి అతిథులు వెళ్లిన దారి అది. మెట్ల హాల్లో సగం దూరం ఎక్కి, మలుపు దగ్గర నిలబడి, ఎదురు గోడ మీద ఆకుల్లో ఒకదాన్ని పట్టుకుని, దాని జంట అవతల ఎక్కడుందో వెతకండి. రెండూ ఒకలాగే ఉన్నాయనిపిస్తే మళ్లీ చూడండి. దగ్గరికి పోయి చూస్తే రెండూ అచ్చంగా ఒకటి కావని తెలుస్తుంది. అది చూశాక మీకేమనిపించిందో రాయండి, ఫోటో తీస్తే అదీ పెట్టండి.